శ్రీకృష్ణదేవరాయలు తన్ను దా నెఱిగిన విధము

ఉదయగిరి పట్టణముపై నీడవేయుచు నిలిచియున్న దుర్గము 3,000 అడుగులకు మించిన యెత్తు గలది. ఆ కొండను ఓఢ్ర గజపతులు తమదనిరి. విజయనగర రాయలు తమదనిరి. 1642వ సంవత్సర ప్రాంతమున గోలకొండవారు దానిని జయించి శిఖరముపై మసీదు కట్టించి తమ సుల్తానుదనిరి. పిమ్మట నవాబుల నాటి జాగీర్దారులు తమదనిరి. 1839లో కర్నూలు నవాబుతో గూడి కుట్ర చేసెనను నేరముపై చివరి జాగీర్దారుని తొలగించిన మీదట కుంఫిణీ ప్రభుత్వము తనదనెను. కొండ మాత్ర మెవ్వరి వెంటను బోక యున్నచోటనే యున్నది. దాని నేలినవారందఱును ఆ కొండను బట్టియే తమ్ము దాము గొప్పవారినిగా దలచుకొనిరి.

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల భూవసతి గల కుటుంబములలో పెరుగు బాలురు చదువను వ్రాయను నేర్చుటకు ముందే తాము ఫలాన వంశమువారమని చెప్పుట నేర్చుకొందురు. న్యాయస్థానమున బోనెక్కిన సాక్షి తన పేరు చెప్పిన వెంటనే తండ్రి పేరును, గ్రామమును, వృత్తిని చెప్పవలసినవా డగును. పూర్వపు దస్తావేజులలో కులము కూడ వ్రాయుచుండిరి. తండ్రిని, ఊరిని, కులమును, వృత్తిని, భాషను ఒక్కొక్కటిగా దీసివేసినచో, నేను అని చెప్పుకొనుటకు మిగులునది యేమి? ఈ ప్రశ్న వేదాంతులకు మాత్రమే చెందినదని తలపరాదు. మనము పాలేరుతో మాటలాడు తీరు, కోడలిని పిలుచు తీరు, వాకిట నిలిచిన యానాదితో వ్యవహరించు తీరు, ఇవి యన్నియు నీ ప్రశ్నకు మనము దినదినము నిచ్చుచున్న యుత్తరములే. తన గొప్పతనము తన రక్తములోనిదని నమ్మువాడు, ఎదుటివాని తక్కువతనమును వాని రక్తములోనిదే యని నమ్మక తప్పదు.

సామాన్యుని స్వభావము పరిసరములచేత రూపొందునని యొప్పుకొనువారు సైతము మహాపురుషులు స్వయంభువులని తలతురు. కావున మన దుర్గమును జయించిన మహారాజు జీవితమునే పరీక్షించి చూతము. ఆయన తన్ను గూర్చి తలచుకొనినదానిలో ఎంత తనది, ఎంత యితరు లిచ్చినది యను విషయము చరిత్రము చక్కగా చూపుచున్నది.

కృష్ణరాయలు తుళువ వంశమున జన్మించెను. తండ్రి నరస నాయకుడు, తల్లి నాగలాంబ. తాత ఈశ్వర నాయకుడు సాళువ నరసింహరాయల సేనాని. ఇది తరతరములుగా సింహాసన మెక్కిన వంశము గాదు. కొలువు చేసినవారు సంరక్షకులై, సంరక్షకులు తుదకు ప్రభువులైన వంశము. నరస నాయకుడు రాజ్యమును నడపినను సాళువ రాకుమారుని పేరిటనే నడపెను. ఆయన పెద్దకుమారుడు వీరనరసింహుడు 1505 ప్రాంతమున రాజ బిరుదమును దానే ధరించెను. ఇట్టి కొత్త ప్రభుత్వమునకు పాత వంశవృక్షము కావలసివచ్చెను. అందుచేత కవులును శాసనకర్తలును తుళువవారిని చంద్రునినుండియు, యయాతి కుమారుడగు తుర్వసునినుండియు దించి వర్ణించిరి. కృష్ణరాయలు పట్టమునకు వచ్చిన తొలిదినములలో, అనగా 1510లో, హంపి విరూపాక్షాలయమున వేయించిన శాసనమునందును ఈ వంశక్రమమే కనబడుచున్నది. సేనాని మనుమడు కొలువులో గూర్చుండి తాను చంద్రవంశజుడనని నిత్యము వినుచుండెను. విన్నదానికి తగినట్లు నడచుకొనవలయునను భారము కూడ దానితోనే యాయనపై బడెను.

రక్తసంబంధము లేనివారు పెట్టిన ఋణము కూడ నొకటి కలదు. సాళువ నరసింహరాయలు అవసానమున రాయచూరు, ఉదయగిరి, కొండవీడు అను మూడు దుర్గములను సాధింపవలయునని తన వెనుకటివారికి విధించి మరణించెనని, కృష్ణరాయల మరణమునకు గొన్నియేండ్లకు విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు నూనిజు వ్రాసియున్నాడు. ఇందులో ఉదయగిరి నరసింహునికి మిక్కిలి బాధాకరమైనది. గజపతి పురుషోత్తముడు ఆయనను చెఱపట్టి, ఆ దుర్గమును దీసికొని విడిచిపెట్టియుండెను. ఆ యవమానము సాళువవారిది. కృష్ణరాయలు సాళువవాడు గాడు. అయినను సింహాసనముతోపాటు ఆ చిన్నతనమును గూడ వారసత్వముగా గైకొని, పట్టమునకు వచ్చిన కొలదికాలమునకే దానిని మాపుకొన యత్నించెను. తనకు జరుగని పరాభవము తనదని తోచుటకు రక్తముతో బనిలేదు. ఆ కథను మనతో చెప్పినవారు చాలుదురు.

1509లో వీరనరసింహుడు మరణించినప్పటి వృత్తాంతమును నూనిజు ఇట్లు తెలిపెను. రోగశయ్యపై నున్న రాజు, ఎనిమిదేండ్ల తన కుమారునికి రాజ్యము దక్కవలయునను కోరికతో, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు పెఱికించి తెమ్మని మంత్రియైన సాళువ తిమ్మరుసున కాజ్ఞాపించెను. మంత్రి యువకుని మఱుగున దాచి, మేకకన్నులను రాజునకు జూపెను. ఈ కథ గుఱ్ఱముల వర్తకుడు విన్న మాటయేగాని కన్న సంగతి గాదు. న్యాయస్థానమున దీనిని సాక్ష్యముగా నంగీకరింపరు. చరిత్రకారులును దీనిని పూర్తిగా విశ్వసింపరు. అయినను రాజునకును మంత్రికిని గల సంబంధమును ఆ కాలపు జనులు ఎట్లర్థము చేసికొనిరో యిందువలన తెలియుచున్నది. రాయలు తిమ్మరుసును అప్పాజీ యని పిలుచుచుండెనని తెలుగుదేశమంతట వాడుక. తండ్రి బ్రదికియుండగా రాజు కానేరని యువకుడు, తండ్రి మరణించిన పిమ్మట మఱియొకనిని తండ్రియని పిలుచుటచేత రాజుగా నిలదొక్కుకొనెను. ఇరువది యేండ్లు దాటిన ప్రాయమున రాజ్యభారము వహించినవానికి, నీవు రాజవని ప్రతిదినము తన నడవడిచేత చెప్పువా డొకడు కావలయును గదా.

1513వ సంవత్సరమున రాయలు ఉదయగిరిని ముట్టడించెను. నూనిజు లెక్క ప్రకారము రాయల వెంట వచ్చినది 34,000 కాల్బలము, 800 ఏనుగులు. కోటలోనిది 10,000 కాల్బలము, 400 గుఱ్ఱములు. లోపల నంతకంటె నెక్కువమంది యవసరము లేకపోయెను. ఏలన నా కోటను ఆకలిచేతనే గాని ఆయుధముచేత సాధింపరాదు. పైకి బోవు దారి ఒక్కొక్క మనుష్యుడు మాత్రమే నడువదగినంత సన్ననిది. రాయలు కొండరాళ్లను పగులగొట్టించి యా దారిని వెడల్పు చేయించెను. మఱికొన్ని బాటలు కొత్తగా తెఱపించెను. ఈ రీతిగా ఏడాదిన్నర గడిచెను. 1514 జూను మాసమున దుర్గము లొంగిపోయెను. గజపతి బంధువగు తిరుమల రౌతరాయడు చెఱపట్టబడెను. విజయము రాయల పేర శాసనముల కెక్కెను. ఎండకు వానకు నోర్చి పదునెనిమిది మాసములు రాళ్లు పగులగొట్టినవారి పేరులు మాత్రము నూనిజు వ్రాయలేదు. ఉదయగిరి విజేత యను బిరుదములో వారి పాలెంత యని యాకాలమున నెవ్వరు నడుగలేదు.

జయించినవాడు సైతము జయింపబడినవారి చేతిలో కొంత మాఱుచుండును. కోటలో చిక్కిన గజపతి పినతల్లివంటి బంధువురాలిని రాయలు గౌరవముతో నాదరించి వెంటబెట్టుకొని పోయెనని నూనిజు చెప్పుచున్నాడు. పిమ్మట నాయన 1514 జులైలో దేవేరులతో గూడ తిరుమలకేగి స్వామికి కానుకలు సమర్పించెను. ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు దీసికొనిపోయి, దానికై గొప్ప యాలయమును గట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించెను. ఆ యాలయము హంపిలో నేటికిని గలదు. విగ్రహము చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరినది. శత్రువు కొండమీద పూజలందిన శిశుమూర్తిని తన రాజధానికి దెచ్చి, తన పేరే గల యా దైవము నెదుట రాయలు మోకరిల్లెను. శత్రువునుండి గైకొన్నది రాయల భక్తిలో భాగమాయెను. రాజధానిలో నాతడు కృష్ణభక్తుడుగా జనుల కగపడుటకు మన యుదయగిరి కారణమైనది.

ఉదయగిరి రాయలకిచ్చినది యింతమాత్రమే కాదు. ఆయన దాడికి ముందే యీ దుర్గము తెలుగు కవుల నెఱిగియుండెను. గజపతుల పక్షమున దీనిని బాలించిన బసవరాజు మంత్రియగు గంగయకు, నంది మల్లయ, ఘంట సింగయ యను జంటకవులు ప్రబోధచంద్రోదయము నంకితమిచ్చిరి. ఉదయగిరి నేలిన తమ్మరాజునకు దూబగుంట నారాయణకవి పంచతంత్రమును సమర్పించెను. ప్రభువు ఓఢ్రుడు, కావ్యము తెలుగు. పిమ్మట నా మల్లయ సింగయలే రాయల తండ్రియైన నరస నాయకునికి వరాహపురాణమును గృతి యిచ్చిరి. వారి కుటుంబమువాడగు నంది తిమ్మన రాయల కొలువున పారిజాతాపహరణమును రచించెను. ఖడ్గముతో ఉదయగిరిని విజయనగరమునకు జేర్చుటకు ఏడాదిన్నర పట్టినది. కవిత్వముతో నది యంతకుముందే చేరియుండెను. తుళువ బాలుడు తెలుగు వాడగుటకు ఇట్టి కవులు కారణము గారని యెవరు చెప్పగలరు?

ఇచ్చట చదువరులు కొంచెము నిదానించి చూడవలయును. వంశముచేత రాయలు తుళువవాడు. బిరుదములలో కన్నడ రాజ్య రమారమణుడు. ఆంధ్రభోజుడని తెలుగువా రాయనను గొనియాడిరి. జాంబవతీ కల్యాణమను నాటకమును, మఱికొన్ని కృతులను సంస్కృతమున రచించెను. శాసనములు కన్నడమునను, తెలుగునను, తమిళమునను, సంస్కృతమునను వేయించెను. తన మహాకావ్యమగు ఆముక్తమాల్యదను తెలుగున వ్రాసి, అందు శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి చరిత్రమును, అనగా తమిళదేశపు కన్యక కథను వర్ణించెను. వీనిలో నిజమైన రాయలెవ్వడు? నేడు మూడు నాలుగు రాష్ట్రములవా రాయన తమవాడే యని పోరాడుచున్నారు. ఆ పోరాటము రాయలకు వింతగా తోచియుండును. ఆయన యొక్కొక్క భాషలో ఒక్కొక్క సంఘముతో మాటలాడెను. ఆ సంఘము చూచిన మనుష్యుడు తానయ్యెను.

తెలుగున వ్రాయుటకు కారణమును రాయలు చెప్పిన విధము గమనింపదగినది. తాను కోరి తెలుగును ఎన్నుకొంటినని యాయన చెప్పలేదు. కళింగ దండయాత్రలో కృష్ణాతీరపు శ్రీకాకుళమున ఏకాదశీ వ్రత మాచరించి నిద్రింపగా, ఆంధ్రవిష్ణువు స్వప్నమున గనబడి తెలుగున కావ్యము రచించి వేంకటేశ్వరున కంకితమిమ్మని యాజ్ఞాపించెనని కావ్యాదియందు దెలిపెను. స్వప్నమును స్వప్నముగానే తీసికొందము. అయినను దాని తాత్పర్యము స్పష్టమే. శ్రీకాకుళమున కేగినవాడు తుళువ రాజు. అచ్చటి దైవమును, అచ్చటి జనుల మాటను మనస్సున నిలుపుకొని మరలినవాడు తెలుగు కవి. ఈ మార్పు తనవలన గాక తన్ను బిలిచినవారివలన గలిగినదని రాయలే యొప్పుకొనెను. మహారాజునకు గల యీ వినయము మన సభలలో మాతృభాషాభిమానమును జన్మహక్కుగా జెప్పుకొనువారికి కొంత యుండిన మేలు.

ఆముక్తమాల్యదలో మాలదాసరి కథ యొకటి కలదు. చండాలకులమున బుట్టిన యొక భక్తుడు ప్రతిదినము వేకువ ముందు లేచి విష్ణ్వాలయమున కేగి, వెలుపలనుండియే కీర్తనలు పాడి వచ్చుచుండును. ఒకనాడు దారితప్పి యొక బ్రహ్మరాక్షసుని చేత చిక్కును. స్వామిని సేవించి తిరిగివచ్చి నీ కాహార మగుదునని ప్రమాణము చేసి, విడుదల పొంది, పాటపాడి, చెప్పిన మాట ప్రకారము మరలివచ్చును. ఆ రాక్షసుడు పూర్వము బ్రాహ్మణుడు. తుదకు చండాలుని పాటయొక్క పుణ్యమును యాచించి శాపవిముక్తుడగును. ఈ కథ పురాణములోనిదే. రాయలు కల్పించినది గాదు. కాని సింహాసనాసీనుడైన ప్రభువు తన కావ్యమున దీనికి గొప్ప స్థానమిచ్చుట సామాన్య విషయము గాదు. సంఘమున నే మర్యాదయు లేనివాడు తన మాటనే తన మర్యాదగా జేసికొనెను. సంఘమిచ్చిన మర్యాదయంతయు గలవాడు రాక్షసుడాయెను. ఇతరులు మనకిచ్చిన పేరు మనలను రూపొందించుట నిజమే. కాని మనుష్యుడు తాను గొలుచు దైవముతో, తానిచ్చిన మాటతో గలిగించుకొన్న సంబంధము ఆ పేరును దాటిపోగలదని యీ కథవలన దేలుచున్నది.

పేరును దాటలేనివాని గతియు నాకాలపు వృత్తాంతములలోనే కలదు. ఉదయగిరి తరువాత 1515లో కొండవీడు పడెను. గజపతి కుమారుడగు వీరభద్రుడు చెఱపట్టబడెను. అతని కత్తిసాము చూడగోరి రాయలు ఒక మల్లునితో తలపడుమనగా, రాజపుత్రుడు గానివానిని తాకుట తనకు తగదని వీరభద్రుడు తన్ను దానే పొడుచుకొని మరణించెనని నూనిజు వ్రాసెను. అయితే 1516 నాటి కన్నడదేశపు శాసనమొకటి ఆ వీరభద్రునే రాయల క్రింద నొక సీమకు పాలకుడుగా జూపుచున్నది. అందులో నతడు జనులకు వివాహసుంకమును మాన్పించెను. కర్ణాకర్ణికగా వచ్చిన మాటకంటె ఱాతిమీది వ్రాత బలవత్తరమైన సాక్ష్యము. అయినను జనులు మొదటి కథనే చెప్పుకొనుచు వచ్చిరి. తన కులీనత్వమునకు భంగము గలిగినచో రాజపుత్రుడు చావవలయునని వారి తలంపు. ఓడిన పిమ్మట బ్రదికి, పరదేశమున పేదల పెండ్లిండ్లకు పన్ను తీసివేసినవానిని ఎట్లు గౌరవింపవలెనో వారికి తెలియలేదు. వీరభద్రుడు తన్ను మాఱ్చుకొనగలిగెను. ఆతని గూర్చి చెప్పుకొన్న సంఘము మాఱలేకపోయెను.

సంధి జరిగినప్పుడు గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేసెను. కృష్ణానదికి ఉత్తరమున జయించిన భూములను రాయలు తిరిగి యిచ్చెను. ఆ రాణికి భర్త యాదరణ లభింపలేదనియు, ఆమె మన యుదయగిరి సీమకు చేరువనేయున్న కంభమున నేకాంతముగా కాలము గడపెననియు జనశ్రుతి. తుక్కాపంచకమను నైదు సంస్కృత శ్లోకము లామెవని చెప్పుదురు. ఈ వృత్తాంతమున నిజమెంతయో నిర్ణయింపలేము. కాని రెండు రాజ్యములు తమ తమ గౌరవములను సరిచూచుకొన్న కాగితముపై నొక స్త్రీ చేవ్రాలుగా నుపయోగపడెననుట నిజము. ఆమె యెవరు? పుట్టినింట గజపతి కూతురు. మెట్టినింట ఓడినవాని కూతురు. తాను తానుగా నుండుటకు ఆమెకు శ్లోకములు తప్ప మఱియొక చోటు దొరకలేదని జనులు తలచిరి. మన యిండ్లలో కోడండ్ర సంగతి నేటికిని దీనికి మిక్కిలి దూరము గాదు.

1520లో రాయచూరు విజయముతో సాళువ నరసింహుని మూడు కోరికలును దీఱెను. ఋణము తీఱినవాడు స్థిమితపడవలసినది. కాని రాయలయందు వేఱొక మార్పు గానవచ్చినది. ఆ ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు పయేసు, రాయలు మధ్యమమైన యెత్తును, పచ్చని దేహచ్ఛాయయు, ముఖమున మశూచి మచ్చలును గలవాడనియు, తెల్లవాఱకముందే నూనె త్రాగి, సాము చేసి, స్వారికేగువాడనియు, పరదేశీయుల నాదరించు నుల్లాసవంతుడనియు, కాని యాకస్మికముగా మహాకోపము దెచ్చుకొనువాడనియు వర్ణించెను. రాయచూరు తరువాత బిజాపురపు ఆదిల్ షా సంధి గోరగా, తన పాదమును ముద్దిడినచో నంతయు తిరిగి యిత్తునని రాయలు వర్తమాన మంపెనని నూనిజు చెప్పుచున్నాడు. కొండక్రింద రాతిపనివారితో పదునెనిమిది మాసము లోపికతో గడపిన మనుష్యుడే యీతడు. కాని యిప్పు డాయన చుట్టు బిరుదములు పెరిగినవి. మూడు రాయర గండడనియు, హిందూరాయ సురత్రాణుడనియు వందిమాగధులు చదువుచుండగా వినువాడు కొంతకాలమునకు తానట్టివాడనని నమ్మును. నమ్మిన పిమ్మట ఎదుటివారి శిరస్సు తన పాదములకడ నుండవలయునని కోరును. పొగడ్త మనుష్యుని పెంచునట్లు కనబడి, వాని చుట్టునున్నవారిని తగ్గించును.

తరువాతి సంగతి మిక్కిలి విషాదకరమైనది. రాయలు తన చిన్న కుమారుడగు తిరుమలరాయని యువరాజుగా నభిషేకించెను; 1524 నాటి శాసనములలో ఆ బాలుని పేరు రాజబిరుదములతో గానవచ్చుచున్నది. కొలదికాలమునకే బాలుడు మరణించెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించెనని యెవ్వరో రాయలకు జెప్పిరి. నూనిజు వ్రాతను బట్టి, రాయలు కొలువులోనే మంత్రిని, కుమారులను బంధించి చెఱసాలలో నుంచెను. కుమారులలో నొకడు తప్పించుకొని తిరుగబడి, మరల పట్టుబడగా, తిమ్మరుసునకును ఆతని వారికిని కన్నులు పెఱికించెను. బ్రాహ్మణులను చంపరాదు గనుక ఈ శిక్ష విధింపబడెనట. నేరము ఋజువైనట్లు గాని, మంత్రి చెప్పుకొన్న సమాధానమును విన్నట్లు గాని యెచ్చటను లేదు.

ఇదే రాజు తన కావ్యములోని రాజనీతి భాగమున, మరణదండనమునకు పాత్రులైనవారికి సైతము ముమ్మాఱు మొఱపెట్టుకొను నవకాశ మీయవలెనని వ్రాసినవాడు. ధర్మము తెలియక చేసినది గాదు. కుమారశోకమును, చాడీలును, దర్బారు మాటలును గలిసి, అప్పాజీ యను పిలుపును ద్రోహి యను పిలుపుగా మాఱ్చినవి. ఒక్క మాట మాఱుటచేత తండ్రివంటివాడు శత్రువాయెను. నూనిజు చెప్పిన రెండు కథలను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. మొదట మంత్రి యువకుని కన్నులు గాచెను. తుదకు రాజు వృద్ధుని కన్నులు దీయించెను. ఈ రెండును అక్షరాల జరిగినవి గావచ్చును, కాకపోవచ్చును. కాని యువకుని రాజునుగా జేసిన సంబంధమును రాజు తన చేతులతోనే తెంచుకొనెనను విషయమున నాకాలపువారికి సందేహము లేదు. 1529లో రాయలు పరలోకగతుడాయెను. యువరాజుగా నభిషేకించిన కొడుకు లేడు, తండ్రివంటివాడు లేడు. సవతితమ్ముడగు అచ్యుతుడు రాజ్యమునకు వచ్చెను.

సోదరులారా, ఈ చరిత్రమును మనము రాజుల గొప్పతనమును జెప్పుకొనుటకు గాని, వారి దోషముల నెన్నుటకు గాని చదువరాదు. తుళువ సేనాని మనుమని చంద్రవంశజుని జేసినది కవులు. రాజుగా నిలిపినది మంత్రి. విజేతను జేసినది పేరులేని రాతిపనివారు. కృష్ణభక్తునిగా జూపినది శత్రువుల విగ్రహము. తెలుగు కవిని జేసినది మన దేశపు జనులును, వారి భాషయు. ఇన్ని చేతులు పడిన పిమ్మట తయారైన మనుష్యుని మనము స్వయంభువని చెప్పుట కృతఘ్నత. అంతటి మహారాజే యితరులచేత నిర్మింపబడినచో, మన గ్రామములలో తక్కువవారని పిలువబడువారి తక్కువతనము మాత్రము వారి రక్తములోనిదెట్లగును? అదియు నిర్మింపబడినదే; నిర్మించినవారు మనము.

దీనికి దృష్టాంతము మన జిల్లాలోనే కలదు. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము మద్రాసు రాజధానికి గూడ వర్తించి, ఎరుకలవారివంటి జాతులను పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచుటకు ప్రభుత్వమున కధికార మిచ్చెను. బిట్రగుంట సమీపమున కప్పరాళ్లతిప్పలో అట్టివారికై సెటిల్మెంటు నడపబడెను. తల్లి యొడిలోని శిశువును నేరస్థుల పట్టీలోని కుటుంబమునకు జెందినవాడే. పోలీసువాడు, కరణము, పొరుగువాడు అందఱు దొంగయని చూచినచో, ఆ బాలుడు అద్దములో జూచుకొన్నను దొంగనే చూచును. మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయినది. చట్టమును రద్దు చేయుటకు శాసనసభ చాలును. చూపును రద్దు చేయుటకు ప్రతి గృహస్థుడును పూనుకొనవలయును. అట్లే వితంతువును అపశకునమని తలచుచు రాగా, ఎవ్వరును చెప్పకముందే యామె శుభకార్యవేళ మూలకు తొలగిపోవును. అది యామె వినయమని మనము మెచ్చుకొందుము. అది మనము నేర్పిన పాఠము.

కావున ఆత్మకూరు, ఉదయగిరి సీమల పెద్దలకు నా మనవి యొక్కటే. మా పూర్వులు రాయల కాలమున ఈ దుర్గమున కొలువు చేసిరని మీ పిల్లలకు జెప్పునప్పుడు, ఆ దుర్గమునకు బాట కొట్టినవారి సంతతియు ఈ యూళ్లలోనే యుండవచ్చునని గూడ చెప్పుడు. మాలదాసరి మాట నిలుపుకొన్న కథను మహారాజే వ్రాసెనని చెప్పుడు. ఆ పిదప మీ పాలేరును, మీ యింటి వితంతువును, మీ చేలో పనిచేయు యానాదిని మీ పిల్లలు ఏ పేరుతో, ఏ స్వరముతో పిలుచుచున్నారో యొకదినము శ్రద్ధగా వినుడు. వారు పిలిచినట్లే యెదుటివారు తమ్ము దాము తలచుకొందురు. ఆ పిలుపు మాఱ్చుట మన చేతిలోని పని. దానికి రాజ్యము నక్కఱలేదు, సైన్యము నక్కఱలేదు.